ఒక్క పిండం, ఇద్దరు బిడ్డలు: సంజాయిషీ ఎవరు చెప్పాలి?

"పెట్టింది ఒక్కటే అన్నారు. మరి ఇద్దరెట్లా వచ్చారు?"

సంతాన చికిత్స చేయించుకున్న స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు ఒకామె చెప్పిన సంగతి ఇది. స్కానింగులో కవలలని తేలగానే అత్తగారు వేసిన ప్రశ్న అది. ఆడబిడ్డ ఇంకో అడుగు ముందుకేసి, "అసలు వీళ్ళు మనవాళ్ళేనా?" అందట. భర్త నోరు విప్పలేదు. డాక్టరుగారు "దేవుడిచ్చిన బోనస్ అమ్మా" అని నవ్వి పంపేశారు. ఏళ్ళ తరబడి గొడ్రాలన్న మాట పడి, ఒళ్ళంతా సూదులు పొడిపించుకున్న మనిషి, కడుపు పండిన రోజున కూడా దోషిలా నిలబడవలసి వచ్చింది.

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర సమాధానం వుంది. గర్భంలో పెట్టిన ఒక్క పిండమే రెండుగా చీలి కవలలు కావచ్చు. సహజంగా వచ్చే గర్భాల్లో ఇలాంటి కవలలు వెయ్యికి సుమారు నాలుగు. జపాన్‌లో ఒకే పిండం పెట్టిన 9 లక్షల 37 వేల పైచిలుకు చికిత్సలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, నిలిచిన గర్భాల్లో 1.36 శాతం ఇలా చీలినట్టు తేలింది. పిండాన్ని ఐదారు రోజులు ప్రయోగశాలలో పెంచటం, గడ్డకట్టించి నిలవ చేయటం, పై పొరను పలచన చేయటం వంటి పద్ధతులకూ ఈ చీలికకూ సంబంధం కనిపించింది. అరుదుగా ఆ నెలలో ఆమె సొంత అండమే విడుదలై, భర్తతో కలయిక వల్ల రెండో గర్భం నిలవవచ్చు. కవలల్లో ఒకరు ఆడ, ఒకరు మగ అయితే సాధారణంగా కారణం ఇదే. రెండిట్లో ఏది జరిగినా ఆమె తప్పు ఏముంది?

ఒకే పిండం పెట్టటం తప్పని నేను అనటం లేదు. అది స్త్రీల ఆరోగ్యానికి మేలు చేసే పద్ధతి. 2003లో స్వీడన్ దాన్నే సాధారణ నియమం చేసింది. కవలల కాన్పులు బాగా తగ్గాయి. మన దేశంలో 2022 నాటి సరొగసీ నిబంధనలు కూడా ఒకే పిండం పెట్టాలనీ, ప్రత్యేక పరిస్థితుల్లోనే మూడు దాకా పెట్టవచ్చనీ చెప్తున్నాయి. నా అభ్యంతరం, "ఒక్కటి పెడితే ఒక్కరే" అన్న భరోసా ఇచ్చి స్త్రీ చేత సంతకం పెట్టించుకోవటం గురించి.

ఎందుకంటే ఇది మామూలు కవలల గర్భం కాదు. చీలిన పిండాలు చాలాసార్లు ఒకే మాయను పంచుకుంటాయి. అలాంటి గర్భాల్లో నూటికి పది, పదిహేనింట్లో ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు పారి ఇద్దరి ప్రాణాలకూ ముప్పు వస్తుంది. మాయ ఒకటా రెండా అన్నది మొదటి మూడు నెలల్లో స్కానింగులో తేల్చుకోవాలి. ఆ తర్వాత కష్టం. నాలుగో నెల నుంచీ రెండు వారాలకోసారి పరీక్ష అవసరం. ఈ మాట ఎవరూ చెప్పకపోతే, చికిత్స పట్నంలో చేయించుకుని పురిటికి పుట్టింటి ఊరికి చేరిన స్త్రీకి ప్రమాదం ఎలా తెలుస్తుంది? "ఒకదాన్ని తీసేయించుకుంటే సరి" అని తేలిగ్గా సలహా ఇచ్చేవారూ వున్నారు. మాయ ఒక్కటే అయినప్పుడు ఒక పిండానికి ఇచ్చిన మందు రెండోదాన్నీ చంపగలదు. అందుకు వేరే పద్ధతులు కావాలి, అవీ ప్రమాదరహితం కావు.

ఇక చట్టం సంగతి చూడండి. 2021 చట్టాలు అండదాతకు 12 నెలలు, సరొగేట్ తల్లికి 36 నెలలు బీమా చేయించాలన్నాయి. మంచిదే. కానీ తన గర్భంలోనే పిండం పెట్టించుకున్న స్త్రీకి అలాంటి బీమా ఏదీ తప్పనిసరి చేయలేదు. నెలలు నిండని ఇద్దరు బిడ్డలు అద్దాలపెట్టెల్లో వుంటే, చికిత్సకు అమ్మిన పొలం తర్వాత ఇంకేం అమ్మాలి? ప్రసూతి సెలవు కూడా ఒక బిడ్డకైనా ఇద్దరికైనా అవే 26 వారాలు.

అందుకే మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. పిండం చీలే అవకాశం, దానివల్ల వచ్చే ప్రమాదాలు అంగీకార పత్రంలో తెలుగులో వుండాలి; ఆమెకు చదివి వినిపించాలి. ఎన్ని పిండాలు పెట్టారో రాసిన కాగితం ఆమె చేతికివ్వాలి. కవలలని తేలిన రోజున భర్తనూ అత్తమామలనూ కూర్చోబెట్టి కారణం వివరించటం చికిత్సలో భాగం కావాలి. కాన్పుకూ పసిబిడ్డల వైద్యానికీ బీమా వుండాలి. గర్భం గురించిన నిర్ణయం ఆమెదే కావాలి.

ఆమెను నేను మళ్ళీ కలిసినప్పుడు ఒక్క మాట అంది: "పదిహేను కాగితాల మీద సంతకం పెట్టానండీ. ఒక్కదాంట్లో ఈ ముక్క రాసివుంటే, ఆ రోజు అత్తకి చూపించేదాన్ని."