ఇంటి కింద ఇల్లు!

ఇల్లు ఇరుకైతే ఏం చేస్తాం? పైన ఇంకో అంతస్తు వేస్తాం. స్థలముంటే పక్కన ఓ గది కలుపుకుంటాం. ఆ రెండిటికీ దారి లేకపోతే? లండన్‌లో అయితే ఉన్న ఇంటి కిందే తవ్వేస్తారు! పైన ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. కొన్నిచోట్ల మనుషులు కాపురం కూడా చేస్తుంటారు. దాని అడుగున మట్టి తీసి కొత్తగా ఓ అంతస్తు కట్టేస్తారు. మరి ఇల్లు కూలదా అంటే... పద్ధతిగా తవ్వితే కూలదు. ఆ పద్ధతేంటో, అది తప్పితే ఏమవుతుందో తెలుసుకోవడం మనకూ అవసరమే.

కిందికే ఎందుకు?

లండన్‌లోని కెన్సింగ్టన్, చెల్సీలాంటి చోట్ల చాలా ఇళ్లు విక్టోరియా రాణి కాలం నాటివి. రెండిళ్లకు మధ్య ఒకటే గోడతో, వీధి పొడవునా బారులు తీరి ఉంటాయి. పాత అందం చెడకూడదని అక్కడ ఎత్తు పెంచడానికీ, ముందుభాగం మార్చడానికీ సులువుగా ఒప్పుకోరు. స్థలం ధర చూస్తే ఆకాశంలో ఉంటుంది. దాంతో డబ్బున్నవాళ్లు పాతాళం దారి పట్టారు.

న్యూకాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ఆ లెక్కలు తీశారు. 2008 నుంచి 2017 వరకు లండన్‌లోని ఏడు బరోల్లో 4,650 బేస్‌మెంట్లకు అనుమతులు దొరికాయట. ఆ ప్లాన్లలో 996 జిమ్‌లు, 456 సినిమా హాళ్లు, 376 ఈతకొలనులు ఉన్నాయి! పైకి కనిపించేది కొంత, కింద ఉన్నది కొండంత. అందుకే అక్కడి పత్రికలు వీటికి ‘ఐస్‌బర్గ్ ఇళ్లు’ అని పేరు పెట్టాయి.

మీటరు తర్వాత మీటరు

ఆ పాత ఇళ్లకు కాంక్రీటు పిల్లర్లు ఉండవు. బరువంతా ఇటుక గోడల మీదే. గోడ కింద పునాది కూడా పెద్ద లోతుండదు. అందుకే దాని కింది మట్టిని ఒకేసారి తియ్యరు. గోడ పొడవును దాదాపు మీటరు చొప్పున ముక్కలుగా గుర్తుపెట్టుకుంటారు. ముందు ఒక ముక్క కింద తవ్వుతారు. ఆ కాస్త మేర మట్టి లేకపోయినా ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని బరువును అటూ ఇటూ ఉన్న నేల మీదికి మళ్లిస్తాయి. గుంట పక్కలు విరిగిపడకుండా పలకలు, ఊతాలు పెట్టి, అడుగున కమ్మీ కట్టి కాంక్రీటు పోస్తారు. పాత పునాదికీ కొత్త కాంక్రీటుకూ మధ్య రెండు మూడు అంగుళాల సందు వదులుతారు. కాంక్రీటు గట్టిపడ్డాక ఆ సందులో నీళ్లు బాగా తగ్గించి కలిపిన ఇసుక, సిమెంటు దిట్టంగా కూరతారు. అప్పటికిగానీ గోడ బరువు కొత్త పునాది మీదికి దిగదు.

ఆ పక్క ముక్కను మాత్రం వెంటనే ముట్టుకోరు. ఒకటి, మూడు, ఐదు... ఇలా ఎడం వదిలి తవ్వుతూ, అవి గట్టిపడ్డాకే మధ్యవాటికి వస్తారు. ఇంజినీరు గీసిచ్చిన వరుస తప్పకూడదు. దీన్నే అండర్‌పిన్నింగ్ అంటారు. అన్ని గోడల కిందా ఈ పని అయ్యాకే నడిమి మట్టి తీస్తారు. అప్పుడు బయటి మట్టి గోడల్ని లోపలికి నెడుతుంది. అందుకని ఎదురెదురు గోడల మధ్య ఇనుప దూలాలు అడ్డంగా బిగిస్తారు. అడుగున కాంక్రీటు నేల పడి గట్టిపడేదాకా వాటిని కదపరు.

మట్టీ... నీళ్లూ...

ఐదు మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవున్న ఇంటి కింద 3 మీటర్ల లోతు తవ్వితే 150 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. తవ్విన మట్టి వదులై ఉబ్బుతుంది. అది 30 శాతం అనుకుంటే 195 ఘనపు మీటర్లు. ఆరు ఘనపు మీటర్ల ఇనుప తొట్లయితే 33 కావాలి! ఇరుకు వీధిలో నెలల తరబడి ఆ లారీల రాకపోకలు, దుమ్ము, చప్పుడు... ఇవన్నీ ఇరుగుపొరుగు భరించాల్సిందే.

ఆ తర్వాత నీళ్ల సంగతి. గోడల లోపలివైపు బుడిపెలున్న ప్లాస్టిక్ షీటు బిగిస్తారు. ఊరిన నీరు దాని వెనక నుంచి జారి కింది సంపులో పడుతుంది. పంపు బయటికి తోడేస్తుంది. కరెంటు పోతే నడవడానికి బ్యాటరీ పంపు మరొకటి ఉంటే మంచిది. పైగా లండన్ నేలలో చాలావరకు బంకమట్టి. మన నల్లరేగడిలాగే తడికి ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. మీది బరువు తీసేస్తే అడుగు నేల ఏళ్ల తరబడి మెల్లగా పైకి ఉబుకుతుంది కూడా.

గోడకు అటువైపు

తవ్వేది ఒకరు, గోడ ఇద్దరిది. అందుకే ఇంగ్లండ్, వేల్స్‌లో 1996 నాటి పార్టీ వాల్ చట్టం ఉంది. పక్క కట్టడానికి 3 మీటర్లలోపు, దాని పునాది కంటే లోతుగా తవ్వాలంటే నెల ముందు రాసివ్వాలి. ఉమ్మడి గోడ కిందే పనైతే రెండు నెలల ముందు. పొరుగువారు ఒప్పుకోకపోతే సర్వేయర్లు పని తీరు నిర్ణయిస్తారు. వాళ్ల ఫీజు మామూలుగా తవ్వించేవారిదే. పని మొదలవకముందే పక్కింటి గోడల్లో ఉన్న బీటలన్నీ ఫొటోలతో సహా నమోదు చేయించడం అక్కడి ఆనవాయితీ.

ఇంత ఉన్నా ప్రమాదాలు తప్పలేదు. 2010 డిసెంబరులో ఫుల్‌హామ్‌లో ఓ ఇంటి కింద తవ్వుతుంటే మట్టి విరిగిపడి ఒక కూలీ చనిపోయాడు. గుంటకు సరైన ఊతాలు లేవు. ఆ పని చేయిస్తున్న కాంట్రాక్టరుకు 2016లో జైలుశిక్ష పడింది. 2020 నవంబరులో చెల్సీలో పనులు జరుగుతున్న రెండు ఇళ్లు రాత్రిపూట కుప్పకూలాయి. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. మితిమీరిన తవ్వకాలపై గొడవ పెరగడంతో కెన్సింగ్టన్-చెల్సీ కౌన్సిల్ 2015లోనే నిబంధనలు బిగించింది. సాధారణంగా ఒక్క అంతస్తుకే అనుమతి, తోట కింద అయితే సగం వరకే అంది.

మన దగ్గరో?

మన ఇళ్లు ఎక్కువగా పిల్లర్ల మీద నిలబడతాయి. బరువంతా కొన్ని చోట్లే దిగుతుంది కాబట్టి లండన్ పద్ధతి ఉన్నదున్నట్టుగా పనికిరాదు. హైదరాబాద్‌లో చాలాచోట్ల కాస్త తవ్వగానే రాయి తగులుతుంది. డెల్టా ఊళ్లలో నీళ్లు ఊరతాయి. సెల్లార్ కావాలనుకుంటే ఇల్లు మొదలెట్టకముందే ప్లానులో పెట్టించుకోవడం మేలు. తర్వాత చూద్దాం, మేస్త్రీయే చూసుకుంటాడు అనుకుంటే కుదరదు.

మనకు ముప్పు ఎక్కువగా పక్క స్థలంలో తవ్వే సెల్లార్‌తోనే. వానాకాలంలో ఈ తవ్వకాలు ఆపమని హైదరాబాద్‌లో అధికారులు ఆదేశాలిచ్చిన సందర్భాలున్నాయి. నానిన మట్టి ఎప్పుడు జారుతుందో చెప్పలేం మరి! కాబట్టి పక్కన పొక్లెయిన్ దిగుతోందంటే అనుమతి ఉందా, ఇంజినీరు ఎవరు, మట్టి జారకుండా ఏం చేస్తున్నారు... మొహమాటపడకుండా అడగండి. పని మొదలవకముందే మీ గోడలు, ప్రహరీ, నేల తేదీతో సహా ఫొటోలు తీసిపెట్టుకోండి. ఉన్న బీటల చివర పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి. బీట ఆ గీత దాటితే, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోతే ఆలస్యం చెయ్యొద్దు. ఇంట్లోవాళ్లను బయటికి తీసుకొచ్చి, మున్సిపాలిటీ వాళ్లకు చెప్పి, ఇంజినీరు చూసి సరేనన్నాకే మళ్లీ లోపలికి వెళ్లండి.