కిటికీ మూసేస్తే ఊరు స్మార్ట్ అవుతుందా?

మేం చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవే. తప్పులుంటే సర్దుకుని చదవండి, విషయం మాత్రం వదిలేయకండి.

2016లో మొదటి 20 స్మార్ట్ నగరాల జాబితాలో మన చెన్నై పేరు వస్తే మేమూ సంతోషపడ్డాం. ఇప్పుడు బస్సు, మెట్రో, లోకల్ రైలు అన్నిటికీ కలిపి ‘చెన్నై వన్’ యాప్ వచ్చింది. మంచిదే. యాప్‌కి మేం శత్రువులం కాము. అట్ట టికెట్ల మీద తేదీ కొట్టిన చేతులతోనే కంప్యూటర్ నేర్చుకున్న రైల్వే గుమాస్తాలం. మా పోట్లాటంతా యాప్ వచ్చిందని కౌంటర్ మూయడం మీదే.

మొన్న ఒక లోకల్ స్టేషన్‌లో రెండు కిటికీల్లో ఒకటి మూసి ఉంది. పూలబుట్టతో ఒక పెద్దామె, మన తెలుగామే, పది రూపాయలు చేత పట్టుకుని క్యూలో నిలబడింది. ‘ఫోన్‌లో తీసుకోమ్మా’ అన్నారు. ఆమెది బటన్ల ఫోను. రైలు వచ్చేసింది, ఎక్కేసింది. మేమూ అదే రైలు ఎక్కాం. దిగినచోట పట్టుకున్నారు. కనీస జరిమానా 250 రూపాయలు. చేతిలో డబ్బుండి కూడా ఆమె దొంగయింది.

ఇంకోటి చూడండి. చెన్నై మెట్రోలో ఫోన్‌లో క్యూఆర్ టికెట్ కొంటే 20 శాతం తగ్గింపు. కౌంటర్‌లో నగదు ఇస్తే పూర్తి చార్జీ. ఉన్నవాడికి తక్కువ, లేనివాడికి ఎక్కువ! ఏళ్ల తరబడి రోజూ క్యాష్ లెక్క అప్పజెప్పిన మాకే ఈ లెక్క తేలడం లేదు.

‘పెద్దవాళ్లు నేర్చుకోవాలి’ అంటున్నారు కొందరు. నేర్చుకుంటాం. కానీ ఫోను కొనాలి, నెట్ వేయించాలి, బ్యాంకు ఖాతా కలపాలి, ఆ చిన్న అక్షరాలు కంటికి ఆనాలి. కిటికీ దగ్గర ఊరి పేరు చెబితే చాలు. తమిళంలో అడిగినా తెలుగులో అడిగినా మేం టికెట్ ఇచ్చాం. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఇప్పుడు ఫోను మంచిదైతేనే ఊరు మంచిదా?

60 దాటినవాళ్లకి ఎంటీసీ బస్సుల్లో నెలకి 10 ఉచిత టోకెన్లు ఇస్తున్నారు. అవి కాగితం ముక్కలే. వాటికి చార్జింగ్ అక్కర్లేదు. ముసలివాళ్లని తలుచుకుని చేసిన పని అలా ఉంటుంది.

సంఘం తరఫున విజ్ఞాపన ఇద్దాం. ప్రతి స్టేషన్‌లో రైళ్లు నడిచినంతసేపు ఒక నగదు కిటికీ తెరిచి ఉండాలి. ఫోనుకి ఎంత ధరో నగదుకీ అంతే ధర ఉండాలి. సంతకానికి మేం ముందు నిలబడతాం. మీరూ రండి.