ఆదాయం రాయమంటే చెయ్యి ఎందుకు వణకాలి?



ప్రతి ఏడాది మార్చి 31తో ఉత్పన్నం దాఖలా గడువు తీరుతుంది. ఆ తర్వాత సోలాపూర్ తూర్పు పేటల్లో మన ఆడవాళ్లు బీడీల చేట పక్కన పెట్టి, మగవాళ్లు ఒక పూట సాంచాలు విడిచి, సేతు కేంద్రం ముందు వరుస కడతారు. లోపల గుమాస్తా అడిగే మాట ఒకటే: "ఏడాదికి ఎంత రాయమంటారు?" ఎంత వస్తున్నదని కాదు, ఎంత రాయమంటారని. రోగమంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది.

మహారాష్ట్రలో మూడు రంగుల రేషన్ కార్డులు 1999 మే 1న వచ్చాయి. మేడే నాడే, చూడండి! ఇంటి ఆదాయం ఏడాదికి 15,000 లోపైతే పసుపు, లక్ష లోపైతే కేసరి, లక్ష దాటితే తెలుపు. తర్వాత 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో 2014 ఫిబ్రవరి 1 నుంచి దాన్ని అమలు చేస్తూ, ప్రాధాన్య కుటుంబానికి పట్టణంలో 59,000, పల్లెలో 44,000 అని హద్దు గీశారు. 59,000ను 365తో భాగించి చూడండి. రోజుకు 162 రూపాయలు. ఒక్క మనిషికి కాదు, ఇల్లంతటికీ. సాంచా కార్మికుడు నెలకు 25 రోజులు నిలబడి రోజుకు 400 తెచ్చుకుంటే ఏడాదికి 1,20,000 అవుతుంది. అంటే ఒక్కడి పగారుతోనే కేసరి హద్దు కూడా దాటిపోయాడు. భార్య చుట్టిన బీడీల కూలి ఇంకా కలపనే లేదు.

మరి ఆయన ధనవంతుడయ్యాడా? ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు, దవాఖానా ఖర్చు పోగా హఫ్తా నాడు చేతిలో ఏం మిగులుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇన్నేళ్లుగా యూనియన్ కచేరీలో కూర్చుని ఫారాలు నింపిపెట్టిన మేమే, "తక్కువ రాయన్నా, లేకుంటే కార్డు పోతది" అని ఎందరికో చెప్పాము. ఆనాడు అది సాయమనే అనుకున్నాము. ఇప్పుడు ఆ సలహా ఇవ్వలేము. ఇవ్వకూడదు కూడా.

ఎందుకంటే ఒకే ఇంటి మీద ఇన్ని హద్దులు పెట్టింది సర్కారు. ధాన్యానికి 59,000 హద్దు. 2024 జులై నుంచి నెలకు 1,500 రూపాయలు ఇచ్చిన లాడ్కీ బహీణ్ పథకానికి రెండున్నర లక్షలు. ప్రధానమంత్రి ఆవాస్ పథకం కింద పట్టణ పేదలకు ఇల్లు కావాలంటే మూడు లక్షలు. అదే ఇల్లు, అదే పొయ్యి, ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో లెక్క! ఈ కాగితాలన్నీ ఇప్పుడు ఆధార్ నంబరుకు కట్టి ఉన్నాయి. 2025 సెప్టెంబరులో లాడ్కీ బహీణ్ ఈ-కేవైసీ పెట్టినప్పుడు ఆడమనిషి ఆధార్‌తో పాటు భర్తదో తండ్రిదో కూడా అడిగారు. అదే ఏడాది రేషన్ కార్డుల ఏరివేత కూడా నడిచింది. ఒకచోట రాసినది ఇంకోచోట రాసినదానితో పోల్చి చూసే రోజు వస్తే, పట్టుబడేది ఆ అంకె వేసిన గుమాస్తా కాదు. కింద వేలిముద్ర వేసిన మన అక్క.

మా సభ్యుడొకరి ఇంటి సంగతి చెబుతాము. ఆయన కొడుకు గార్మెంటు కారఖానాలో చేరాడు. తండ్రి మా దగ్గరికి వచ్చి, "అన్నా, పోయి చెప్పాల్నా, ఊకుండాల్నా?" అని అడిగాడు. మా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఆరు నెలలు తిరక్కముందే ఆర్డర్లు లేవని తండ్రి సాంచాలు ఆగాయి, కొడుకు పనీ పోయింది. ముందే చెప్పి ఉంటే నలుగురున్న ఆ ఇంటికి నెలకు 20 కిలోల ధాన్యం పోయేది. తిరిగి పేరు ఎక్కించుకోవడం అంత సులువా? చట్టం కింద ఈ రాష్ట్ర పట్టణాల్లో 45.34 శాతం జనానికే చోటు, అదీ 2011 జనాభా లెక్కల మీద. ఖాళీ ఉంటేనే పేరు ఎక్కేది. ఆదాయం పెరిగిందని చెబితే కార్డు వెంటనే పోతుంది. తగ్గిందని చెబితే పోయినేడాది దాఖలా చూపించమంటారు.

ఈ గోడు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో 2003 నుంచి 2025 ఏప్రిల్ 5 వరకు టాక్స్ క్రెడిట్ అనే పథకం నడిచింది. తక్కువ జీతగాళ్లకూ, పిల్లలున్న ఇళ్లకూ సర్కారు డబ్బు ఇచ్చేది. ఏటేటా కాగితం మళ్లీ నింపాలి, ఇంట్లో రాబడి మారితే తెలపాలి. మొదటి ఏడాదే దాదాపు 200 కోట్ల పౌండ్లు ఎక్కువ చెల్లించామని లెక్క తేల్చి, ఖర్చయిపోయిన డబ్బును ఆ పేద ఇళ్ల నుంచే వెనక్కి అడిగారు. గోల లేచింది. 2006లో, ఏడాదిలో 25,000 పౌండ్ల దాకా రాబడి పెరిగినా ఆ ఏడాదికి పట్టించుకోమని నియమం మార్చారు. తరువాత వచ్చిన సర్కార్లు ఆ వెసులుబాటును 2,500కు కుదించాయనుకోండి, అది వేరే కథ. వెసులుబాటు ఇవ్వడం మాత్రం చేతకాని పని కాదని తేలింది.

మన ఈఎస్‌ఐలోనే ఇలాంటి నియమం ఉన్నది కదా! నడిమధ్యలో పగారు హద్దు దాటినా, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అనే చందా కాలం ముగిసేదాకా బీమా ఆగదు. దవాఖానాకు పనికొచ్చిన న్యాయం బియ్యానికి ఎందుకు పనికిరాదు? ఆదాయం పెరిగిందని తెలిపిన ఇంటికి కనీసం ఒక ఏడాది ధాన్యం ఆపవద్దనీ, ఆ లోపల పని పోతే మళ్లీ దరఖాస్తు లేకుండానే కార్డు నిలవాలనీ మేము అడుగుతున్నాము. 59,000, లక్ష అనే అంకెలను కనీస వేతనానికి ముడిపెట్టాలి. ఇంట్లో ఇద్దరు కనీస వేతనం తెస్తే పేదరికం పోయినట్టు రాసే లెక్క మాకు ఒప్పుకోలు కాదు.

యజమానుల సంగతి కూడా విడిచిపెట్టలేము. పీసు లెక్కన హఫ్తా చేతిలో పెట్టి, చిట్టీ అడిగితే మొహం తిప్పుకుంటారు. చిట్టీ లేకనే కదా గుమాస్తా నోటికి వచ్చిన అంకె మన ఆదాయమవుతున్నది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం వేతన చిట్టీ ఇవ్వాల్సిందే. ఆ కోడ్‌లతో మాకు తగాదాలు చాలా ఉన్నాయి, ఈ ఒక్క ముక్క మాత్రం గట్టిగా పట్టుకుందాము.

అందాకా మీరు చేయవలసింది కొంత ఉన్నది. పెళ్లయి పోయిన బిడ్డ పేరు, కాలం చేసిన పెద్దల పేరు కార్డులో ఉంటే తీయించండి. కోడలు పేరు, పుట్టిన పిల్లల పేర్లు ఎక్కించండి. సాంచాలు ఆగితే ఏ తారీఖున ఆగాయో, మళ్లీ ఎప్పుడు నడిచాయో రాసి పెట్టుకోండి. రాబడి తగ్గితే దాన్ని కూడా రాతపూర్వకంగా తెలపండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ ఠప్పా వేసిన పోచ్ తీసుకోకుండా కిటికీ దగ్గర నుంచి కదలకండి. అంకె రాయని కాగితం మీద ఎవరు చెప్పినా వేలిముద్ర వేయవద్దు. సందేహముంటే ఇంట్లో అందరి ఆధార్, పాత దాఖలా, ఉన్నన్ని హఫ్తా చిట్టీలు పట్టుకుని ఆదివారం పొద్దున కచేరీకి రండి. ఈసారి ఫారంలో ఉన్నదే రాద్దాము. కార్డు పోతుందని ఎవరికైనా నోటీసు వస్తే, ఆ నోటీసు పట్టుకుని వాళ్ల వెంట తహసీల్‌కు మేమూ వస్తాము.