ఆ రక్తం మళ్లీ దేనికి వాడతారు?



ఈ ప్రశ్న మట్టెవాడలో మమ్మల్ని ఎవరూ అడగరు. అడగాలని మా కోరిక. జీనోమ్ ఇండియా పథకంలో సేకరించిన 10,000 మంది జన్యు సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. మన హైదరాబాదు సి.సి.ఎం.బి. కూడా అందులో భాగస్వామే.

మేలు లేదనము. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో సక్సినైల్ కోలిన్ ఇస్తే సొంతంగా ఊపిరి తీసుకోవడానికి గంటలు పట్టవచ్చు. కారణం జన్యువుల్లోనే ఉంది. ముందే తెలిస్తే డాక్టరుగారు వేరే మందు వాడతారు.

అదే సంగతి పెళ్లి సంబంధాల దగ్గర "ఆ కులానికి జబ్బట" అని పాకితే? పేరు తీసేసినా, ఒకరి జన్యువులు అన్నదమ్ముల గురించీ పిల్లల గురించీ చెబుతాయి. వాళ్లనెవరు అడిగారు? ఆపరేషన్ హడావుడిలో ఇంగ్లీషు కాగితం మీద వేయించిన వేలిముద్రను మేము అనుమతి అనలేము. తెలుగులో చదివి వినిపించాలి, ఇంట్లో మాట్లాడుకోవడానికి గడువివ్వాలి. వద్దన్నవారికి వైద్యంలో ఏ లోటూ రాకూడదు.