‘నిషిద్ధ’ శబ్దము - ప్రయోగౌచిత్యము

‘నిషిద్ధము’, ‘వర్జ్యము’, ‘కూడనిది’ అను మాటలను పర్యాయపదములుగా వాడుట నేడు పరిపాటియైనది. సిద్ధాంతవ్యాసములలో సైతము ఒకదాని చోట వేరొకటి నిస్సంకోచముగా చేరుచున్నది. ఇది శైలీదోషమాత్రమని ఉపేక్షింపదగినది కాదు.

‘ని’ పూర్వకమగు ‘సిధ్’ ధాతువుపై క్తప్రత్యయము చేరగా ‘నిషిద్ధ’ శబ్దమేర్పడినది. ఉపసర్గను బట్టి వచ్చిన ఈ షత్వము గత్యర్థమున రాదని పాణిని విశేషించి చెప్పినాడు. అనగా వారణార్థమును ఆ షకారమే పట్టి యిచ్చుచున్నది. ఇచట క్తప్రత్యయము కర్మార్థకము గనుక నిషేధించిన కర్త యెవరన్న ఆకాంక్ష తప్పదు. శ్రుతియా, స్మృతియా, రాజశాసనమా? ‘వర్జ్య’ శబ్దము కృత్యప్రత్యయాంతము. ‘విడువదగినది’ అని దాని యర్థము. అందు ప్రధానుడు విడుచువాడే గాని వారించువాడు కాడు. పంచాంగమున ‘వర్జ్యము’ అనియే వాడుక నిలుచుటలో ఈ యౌచిత్యము కలదు. ఇక మన ‘కూడదు’, ‘రాదు’ అను క్రియలు వారించువానిని పేర్కొననే పేర్కొనవు. పెద్దలు ‘కూడదు’ అన్నంత మాత్రమున దానిని ‘నిషిద్ధము’ అని వ్రాసినచో, లేని శాస్త్రమును దాని వెనుక నిలిపినట్లగును.

నిషేధమునకు ప్రసక్తి యావశ్యకమని మీమాంసకుల మతము. ప్రాప్తి లేని దానిని వారించుట వ్యర్థము. ఈ సూక్ష్మమునకు అవధానమందలి నిషిద్ధాక్షరి కంటె మంచి యుదాహరణము దొరకదు. అవధాని తరువాత వేయబోవు అక్షరమేదో పృచ్ఛకుడు ఊహించి దానినే వారించును. ఆ యక్షరమున దోషమేమియు లేదు. అది అచటికి రానున్నది గనుకనే నిషిద్ధమైనది. మరుసటి స్థానమున అదియే నిరాటంకముగా రావచ్చును. ఊహ తప్పినచో నిషేధము వృథాయగును. పృచ్ఛకుడు, స్థానము, ప్రసక్తి - ఈ మూడును లేక అచట ‘నిషిద్ధ’ పదమునకు అర్థమే లేదు. అవధానసభలలో దినమును గడపువారే వ్యాసరచనలో ఈ మూడింటిని మరచుట విచిత్రము.

మరచుట వలన హానియు కలదు. వితంతు పునర్వివాహము ‘శాస్త్రనిషిద్ధము’ అని ఒక్క సమాసముతో తేల్చివేయు వ్యాసములు నేటికిని వచ్చుచున్నవి. ఏ శాస్త్రము? 19వ శతాబ్దిలో ప్రతిపక్షులు ప్రధానముగా చూపిన వానిలో కలివర్జ్యప్రకరణ మొకటి. పూర్వయుగములందు అనుమతమైన దానిని కలియుగమున విడువవలెనన్నదే ‘కలివర్జ్యము’. ఒకప్పుడు అనుమతి యుండెనని ఆ పేరే యొప్పుకొనుచున్నది. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855లో ఈ మూలమునే పట్టుకొనిరి. పరాశరస్మృతి కలియుగమునకై యేర్పడినదనియు, పురాణవచనము కంటె స్మృతివచనము బలవత్తరమనియు వాదించిరి. 1856లో పునర్వివాహ చట్టము వచ్చినది. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహమును జరిపించినప్పటికిని ఈ వివాదము చల్లారలేదు. ఇంతటి వివాదమును ‘నిషిద్ధ’ పదము ఒక్క పెట్టున కప్పివేయుచున్నది. పరిశోధకుడు ‘శాస్త్రనిషిద్ధము’ అని వ్రాసినచో ఆ శాస్త్రమేదో పేరు చెప్పితీరవలెను. లేనిచో ఆ పదమును విడువవలెను.

‘నిషేధిత’ రూపమును గూర్చి ఒక మాట. పత్రికలు పుట్టించిన అపశబ్దమని పరీక్షకులు కొందరు దీనిని కొట్టివేయుచున్నారు. ణిజంతముపై క్తప్రత్యయము చేరగా సిద్ధించు ఈ రూపమున అసాధుత్వము లేదు. పైగా వాడుక దీనికొక ప్రత్యేకస్థానమును కల్పించినది. ప్రభుత్వోత్తర్వుచే వారింపబడిన సంస్థ, ఔషధము, ప్రదేశము ‘నిషేధితములు’. ఉత్తర్వు తొలగినచో ఆ విశేషణమును తొలగును. ఆంధ్రప్రదేశమున 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలినది. 1996లో నిషేధితమైన మద్యము పిదప అంగళ్లలో దొరకినది; స్మృతులలో సురాపానము మాత్రము అప్పుడును ఇప్పుడును నిషిద్ధమే.