ప్రయోగశాల దాటిన ఇటుక.. డాబా ఎక్కని పరిశోధన!

బూడిద ఇటుకకు ఊరూరా ఆదరణ
ఎండ కాచే కప్పులపై పట్టింపు కరవు
కట్టిన తరువాత కొలిచేవారేరీ?

విశాఖపట్నం : అనకాపల్లి జిల్లా పరవాడ వైపు వెళ్లేవారికి సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. 2002లో తొలి యూనిట్‌తో మొదలైన ఈ కేంద్రం నేడు 2,000 మెగావాట్ల స్థాయికి చేరింది. మన దేశపు బొగ్గు కాలితే అందులో మూడో వంతుకు అటూ ఇటూగా బూడిదే మిగులుతుంది. ఒకప్పుడు ఆ బూడిదను నీటితో కలిపి చెరువుల్లోకి వదలడం తప్ప మరో దారి తెలియదు. చెరువు ఎండితే గాలికి లేచి ఇళ్ల మీద, పంటల మీద పడేది. అదే బూడిద ఇప్పుడు ఇటుకగా మారి లారీలకెక్కి ఇళ్ల గోడల్లోకి చేరుతోంది. పరిశోధన ఫలం సామాన్యుడి ఇంటిదాకా వచ్చిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి. నిర్మాణరంగంలో మన పరిశోధకులు తేల్చిన మిగిలిన సంగతులు ఇలా ఎందుకు రాలేదన్నదే ప్రశ్న.

విశాఖలోనే పుట్టిన సూత్రం

కాల్చని బూడిద ఇటుకకు విశాఖపట్నంతో విడదీయరాని సంబంధం ఉంది. ఘన వ్యర్థాలపై పరిశోధన చేసే ఇక్కడి ‘ఇన్స్‌వారెబ్’ సంస్థకు చెందిన ఎన్.భానుమతీదాస్, ఎన్.కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి ‘ఫాల్-జి’ అనే మిశ్రమాన్ని రూపొందించారు. బూడిదలోని సిలికా, అల్యూమినా నీటి సమక్షంలో సున్నంతో కలిసి గట్టిపడతాయి. ఇది మన తాతలకు తెలియని విద్యేమీ కాదు. గానుగలో నూరిన సున్నానికి ఇటుకపొడి చేర్చి మిద్దెలు, బావులు కట్టింది ఈ ధర్మాన్ని నమ్ముకునే. అయితే సున్నం, బూడిద రెండే కలిపితే బలం నెమ్మదిగా వస్తుంది. జిప్సం చేరిక ఆ లోటును తీర్చింది. మంట అవసరం తప్పింది. చిన్న యంత్రం, నీడనిచ్చే పాక, నీటి వసతి ఉంటే ఇటుకల కేంద్రం పెట్టుకోవచ్చన్న ధైర్యం చిన్న పెట్టుబడిదారులకు కలిగింది. సున్నం సరిగా దొరకని చోట సిమెంటు వాడుకునే వెసులుబాటూ వచ్చింది. ఈ ఇటుకల వల్ల తగ్గే కర్బన ఉద్గారాలకు 2000 దశకంలో ప్రపంచబ్యాంకు నిధి వెలకట్టి కొనుగోలు చేసింది.

కాల్చే ఇటుక ఖరీదు ఎంతో చూస్తే ఈ మార్పు విలువ బోధపడుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు బి.వి.వెంకటరామ రెడ్డి, కె.ఎస్.జగదీష్ 2003లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒక ఎర్ర ఇటుక తయారీకి 4.25 మెగాజౌల్స్ శక్తి ఖర్చవుతుంది. ఆ లెక్కన లక్ష ఇటుకలకు కనీసం ఇరవై టన్నుల బొగ్గు కావాలి. పైగా ఇటుకకు పోయేది పొలంలోని పైమట్టి. ఒకసారి అడుగు లోతున మట్టి తీసిన చేను మళ్లీ పాత దిగుబడికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో గోదావరి తీరాన బట్టీలకు భూమినిచ్చిన రైతులకు బాగా తెలుసు.

చట్టం తోడైతేనే..

పరిశోధన మంచిదైనంత మాత్రాన బూడిద ఇటుక నిలబడలేదు. 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ థర్మల్ కేంద్రాల మెడలు వంచింది. పదేళ్లపాటు బూడిదను ఉచితంగా ఇవ్వాలని, కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల తయారీలో బూడిద కలపాలని ఆదేశించింది. 2003లో ఆ దూరాన్ని 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్ ఇంకో అడుగు ముందుకేసి, వాడకుండా మిగిల్చిన బూడిదపై టన్నుకు రూ.1,000 చొప్పున పరిహారం విధించింది. ఫలితం అంకెల్లోనే ఉంది. 1996-97లో దేశవ్యాప్తంగా దాదాపు 6.9 కోట్ల టన్నుల బూడిద వెలువడితే వినియోగమైంది పదో వంతు కంటే తక్కువ. 2021-22లో సుమారు 27 కోట్ల టన్నులు వెలువడగా 95 శాతానికి పైగా ఏదో ఒక పనికి వినియోగించినట్లు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఇందులో సిమెంటు కర్మాగారాల వాటాయే పెద్దది. రోడ్లకు, గనులు, పల్లపు భూములు పూడ్చడానికి పోయేదీ తక్కువేమీ కాదు. అంకె బాగుందని అంతా గోడల్లోకే చేరిందనుకుంటే పొరపాటు.

ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. బూడిద ఇటుక వచ్చినా తాపీమేస్త్రీ తన పని పద్ధతి మార్చుకోవలసిన అవసరం రాలేదు. అదే తాపీ, అదే మాలు, అదే తూకపు గుండు. కొనేవాడికి ధర కలిసివచ్చింది, తయారీదారుకు లాభం మిగిలింది, థర్మల్ కేంద్రానికి తలనొప్పి తీరింది. ముగ్గురికీ గిట్టుబాటైన పరిశోధన కనుకనే బతికి బట్టకట్టింది.

అయినా కథ అంతా సుఖాంతం కాదు. బూడిద ఇటుకకు ప్రాణం నీరే. పోతపోసిన తరువాత రెండు మూడు వారాలు తడుపుతూ ఉంచితేనే బలం వస్తుంది. గిరాకీ ఎక్కువగా ఉన్న రోజుల్లో వారం తిరగకుండానే ఇటుక లారీ ఎక్కుతోందన్నది కట్టుబడి చేయించే వారందరి అనుభవం. అలాంటి ఇటుక గోడలో కుదించుకుపోయి ప్లాస్టరు మీద సన్నని చీలికలు తెస్తుంది. తప్పు తొందరపాటుదైతే నింద బూడిదకు పడుతోంది. ఈ ఇటుకలకు ఐఎస్ 12894 ప్రమాణం ఎప్పటి నుంచో ఉంది. చిన్న ఇల్లు కట్టుకునేవాడు నాలుగు ఇటుకలు పరీక్షకు పంపాలంటే ఎక్కడికి పంపాలో, ఎంత చెల్లించాలో చెప్పే బోర్డు మాత్రం ఏ కార్యాలయం ముందూ కానరాదు.

మట్టిదిమ్మె ఎందుకు ఆగింది?

బెంగళూరు సంస్థలోనే 1974లో ‘అస్త్ర’ పేరిట గ్రామీణ సాంకేతిక పరిశోధన మొదలైంది. అమూల్య రెడ్డి ప్రారంభించిన ఆ కృషిలో భాగంగా, మట్టికి కొద్దిపాటి సిమెంటు కలిపి ‘మర్దిని’ అనే చేతియంత్రంతో నొక్కి దిమ్మెలు చేసే పద్ధతి రూపొందింది. పైన చెప్పిన 2003 నాటి పత్రంలోనే దీని లెక్కా ఉంది. ఎర్ర ఇటుకల గోడ ఘనపు మీటరుకు 2,141 మెగాజౌల్స్ ఖర్చయితే, 6 శాతం సిమెంటు కలిపిన మట్టిదిమ్మెల గోడకు 646 సరిపోయింది. అంటే మూడో వంతు కూడా లేదు. ఇంత మేలున్నా ఆంధ్ర జిల్లాల్లో ఇవి వేళ్లమీద లెక్కించదగ్గ కట్టడాలకే పరిమితమయ్యాయి.

కారణాలు పరిశోధనలో లేవు. ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న ఎర్రమట్టి కావాలి. నల్లరేగడికి సిమెంటు ఒక్కటే చాలదు. కనుక ప్రతిచోటా మట్టిని పరీక్షించే మనిషి ఉండాలి. అటువంటి మనిషికి జీతమిచ్చే పద్దు ఏ శాఖలోనూ లేదు. ప్రభుత్వ పనులకు ఎస్టిమేటు వేసే ఇంజినీరు రేట్ల పట్టికలో లేని వస్తువును ముట్టుకోడు. ముట్టుకుంటే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవలసింది ఆయనే. ఆయన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. మన జనంలో ‘మట్టి ఇల్లు’ అన్న మాటకున్న చిన్నచూపు సంగతి సరేసరి.

సిమెంటు విషయంలోనూ ఇలాంటి పరీక్షే ముందుంది. సున్నపురాయి, కాల్చిన బంకమన్ను కలిపి క్లింకర్ వాడకాన్ని దాదాపు సగానికి తగ్గించే ‘ఎల్‌సీ3’ సిమెంటుపై ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు స్విట్జర్లాండ్, క్యూబా పరిశోధకులతో కలిసి ఏళ్ల తరబడి శ్రమించాయి. 2023లో దీనికి ఐఎస్ 18189 పేరిట భారత ప్రమాణం వచ్చింది. పల్నాడు, కడప, నంద్యాల, సూర్యాపేట జిల్లాల సున్నపురాయి మీద బతికే కర్మాగారాలకు ఇది దూరపు వార్త కాదు. బొగ్గు వాడకం తగ్గేకొద్దీ బూడిదా తగ్గుతుంది కనుక ప్రత్యామ్నాయం వెతుక్కోక తప్పదు.

అసలు బాధ కప్పు మీదే

గోడ సంగతి అలా ఉంచితే, మన ఇళ్లలో వేసవి బాధకు మూలం పైకప్పు. పెంకుటింటి కాలంలో అటక, కింద గాలాడే వసారా ఎండను ఆపేవి. నాలుగైదు అంగుళాల స్లాబు ఆ పని చేయదు. పగలంతా కాగి, రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. 2008 వేసవిలో పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి హైదరాబాద్‌లోని అయిదు అపార్ట్‌మెంట్లలో 45 ఫ్లాట్లను ఎంచుకుని, వంద మందికి పైగా నివాసుల నుంచి వారాల తరబడి వివరాలు సేకరించారు. జాతీయ భవన నియమావళి వేసవికి 23-26 డిగ్రీలు హాయి అని చెబుతుండగా, మన జనం 26 నుంచి 32.5 డిగ్రీల వరకూ సర్దుకుంటున్నారని, 29 డిగ్రీల దగ్గర హాయిగానే ఉన్నారని తేలింది. ఫ్యాను, కిటికీ, పలుచని నూలు బట్ట ఇందుకు సాయపడుతున్నాయి. పై అంతస్తు వారికి మాత్రం ఈ ఉపాయాలు చాలలేదు. గోప్యత, భద్రత, చప్పుడు వంటి కారణాలతో కిటికీ తెరవలేని ఇళ్లూ ఉన్నాయి.

ఈ ఫలితాన్ని పేదల కాలనీలకు అన్వయించి చూడాలి. 2020 తరువాత రాష్ట్రంలో చేపట్టిన కాలనీల్లో ఇల్లు 340 చదరపు అడుగులది. పైన మరో అంతస్తు లేదు. అంటే ఆ కాలనీలో ప్రతి కుటుంబమూ పై అంతస్తులోనే కాపురముంటున్నట్లు లెక్క.

పరిష్కారం కూడా ఇదే నేల మీద పరీక్షకు నిలిచింది. హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు హైదరాబాద్‌లో ఒకే తీరు కప్పులున్న కార్యాలయ భవనాలను కొలిచారు. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే ఏసీల విద్యుత్ వాడకం 10 నుంచి 19 శాతం తగ్గినట్లు 2012లో ప్రచురించారు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన చల్లని కప్పుల విధానం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర ఇలాంటి కప్పులు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసి, 600 చదరపు గజాలలోపు సొంత ఇళ్లకు ఐచ్ఛికమంది. ఎండ ఎక్కువగా తగిలేది ఆ చిన్న ఇళ్లకే కావడం గమనార్హం.

హైదరాబాద్ అంకెలను యథాతథంగా విశాఖకు తెచ్చుకోవడమూ కుదరదు. ఇక్కడ ఉక్కపోత ఎక్కువ. ఓడరేవు, పరిశ్రమల దుమ్ము పడే పేటల్లో తెల్లపూత ఎన్ని నెలలు తెల్లగా ఉంటుందో తేలాలి. పైగా మన డాబా ఖాళీగా ఉండేది కాదు. వడియాలు, మిరపకాయలు, ఉతికిన బట్టలు, నీళ్ల ట్యాంకు అన్నీ అక్కడే. తొక్కిన కొద్దీ పూత చెరుగుతుంది. ఎన్నాళ్లకొకసారి కడగాలి, ఎప్పుడు మళ్లీ వేయాలి అన్నవి ఇక్కడి ఇళ్ల మీదే తేల్చవలసిన విషయాలు.

కొలత లేని నిర్వహణ

ఇంధన పొదుపు భవన నియమావళిని పెద్ద వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేస్తూ 2014 జనవరిలోనే ఉమ్మడి రాష్ట్రం ఉత్తర్వులిచ్చింది. దేశంలో ముందుగా మేల్కొన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. అయితే నియమావళి చూసేది ప్రధానంగా నమూనా పటాన్ని. అనుమతి వచ్చి, భవనం పూర్తయి, ఆక్యుపెన్సీ పత్రం చేతికందాక ఆ భవనం చెప్పినంత పొదుపు చేస్తోందో లేదో చూసే నాథుడే లేడు. ప్రభుత్వ వసతిగృహం, ఆసుపత్రి, కలెక్టరేట్.. దేని కరెంటు బిల్లును చదరపు మీటరుకు ఇంత అని లెక్కగట్టి పక్క భవనంతో పోల్చి చూసే అలవాటు లేదు. బిల్లు వస్తుంది, చెల్లిస్తారు, లేదా బకాయి పడుతుంది.

ఇందుకు కోట్ల రూపాయలేమీ అక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలు జిల్లాలోని ఇంజినీరింగ్ కళాశాలల వరకు ఏటా వందలాది సివిల్ విద్యార్థులు ప్రాజెక్టు పేరుతో కాంక్రీటు దిమ్మెలు పగలగొట్టి నివేదికలు సమర్పిస్తున్నారు. ముందరి సంవత్సరపు నివేదికకూ దీనికీ అట్ట మీద పేరే తేడా అన్న మాట అధ్యాపకుల నోటే వినిపిస్తుంది. వారిలో పాతిక మందిని ఒక కాలనీకి పంపి, యాభై ఇళ్లలో ఉష్ణమాపకాలు వేలాడదీసి, సగం కప్పులకు సున్నం కొట్టించి, సగం అలాగే వదిలి ఒక్క వేసవి లెక్క రాయిస్తే జిల్లాకు తన సొంత అంకె దక్కుతుంది. గృహనిర్మాణ శాఖ ఆ అంకెను ఎస్టిమేటులో ఒక పద్దుగా చేర్చితే కాంట్రాక్టరు కాదనడు. నీటి తడుపు తగ్గిన ఇటుకలను పట్టుకునే పరీక్షను కూడా ఆ కళాశాలల ప్రయోగశాలలే నామమాత్రపు రుసుముకు చేయవచ్చు. యంత్రం అక్కడ ఉంది, ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగానే ఉంటోంది.

విద్యార్థులకు ప్రాజెక్టులు కేటాయించేది సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో. ఉష్ణమాపకాలు కొని, ఇళ్లవారిని ఒప్పించడానికి ఫిబ్రవరి పడుతుంది. మార్చి లోపు కప్పులపై సున్నం ఆరిపోతే ఏప్రిల్ మొదటి వారం నుంచే లెక్క మొదలుపెట్టవచ్చు.