థర్మామీటర్ల లెక్క సరిపోయింది

పెట్రోల్ బంకులో కుర్రాడు డ్యూటీ దిగేముందు ఏం చేస్తాడో ఎప్పుడైనా చూశారా? మీటరు రీడింగు రాయిస్తాడు, నోట్లు లెక్కపెట్టి అప్పజెబుతాడు, తేడా వస్తే తన జేబులోంచి కట్టి మరీ ఇంటికి పోతాడు. డీజిలుకు దక్కిన ఆ మర్యాద మా అమ్మకు దక్కలేదు.

పేరున్న ఆసుపత్రే. పేరు చెప్పను. చెబితే ఆ ఒక్కదాన్నీ తిట్టేసి మిగతావాళ్లంతా చేతులు దులుపుకుంటారు. అమ్మకు షుగర్. పొద్దున స్కాన్ ఉంది, నోటికేమీ ఇవ్వొద్దని రాత్రే మంచానికి అట్టముక్క తగిలించారు. పొద్దున తొమ్మిదింటికి స్కాన్ మర్నాటికి వాయిదా పడింది. ఆయా అట్టముక్క తీసేసింది. వంటగదికి మాత్రం ఎవరూ చెప్పలేదు కాబట్టి అన్నం రాలేదు. రెండింటికి డ్యూటీ మారింది. కొత్తగా ఎక్కిన సిస్టర్ మంచం వైపు చూసింది, అట్ట లేదు. చార్టు చూసింది, ఇన్సులిన్ ఉంది. పొడిచింది. ఆ మనిషి కడుపులో నిన్న రాత్రి నుంచి మెతుకు లేదన్న సంగతి కాగితంలోనూ లేదు, దిగిపోయిన సిస్టర్ నోట్లోంచీ రాలేదు.

ఆ వార్డులోకి అటెండర్లను సాయంత్రం నాలుగింటికి గానీ వదలరు. వెళ్లేసరికి అమ్మ జాకెట్టు చెమటతో తడిసి ముద్దయింది. నన్ను చూసి "ఎవరు బాబూ నువ్వు?" అంది. షుగర్ 46. పరుగులు పెట్టి 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించాక నా పేరు గుర్తొచ్చింది.

గొడవపడి హ్యాండోవర్ పుస్తకం తెప్పించుకు చూశాను. "పేషెంట్ స్టేబుల్. నో ఫ్రెష్ కంప్లయింట్స్. సేమ్ ట్రీట్‌మెంట్." పక్కన ఇచ్చినవారి సంతకం, తీసుకున్నవారి సంతకం. పేజీ తిప్పితే సామాను అప్పగింత: థర్మామీటర్లు 4, బీపీ మిషన్లు 2, కత్తెర 1, దుప్పట్లు 18. అన్నీ సరిపోయాయి. ఎందుకు సరిపోవు? థర్మామీటరు పోతే సిస్టర్ జీతంలో కోస్తారు.

అమ్మ పోతే?

ఇప్పుడు క్వాలిటీ మేనేజరు గారు గొంతు సవరించుకుంటారు: "మేం కొలుస్తున్నాం సార్." కొలుస్తున్నారు, నిజమే. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లో డ్యూటీ మార్పిడి అప్పగింత ఒక నాణ్యతా సూచిక. డాక్టర్లది వేరుగా, నర్సులది వేరుగా చూడాలి. సరిగా జరిగినవాటిని, జరగాల్సినవాటితో భాగించి నూటితో హెచ్చవేయాలి. సూచిక మంచిదే. ఆ 'సరిగా' అన్న మూడక్షరాల దగ్గరే ఉంది దొంగతనమంతా. ఏసీ గదిలో కూర్చుని ఫారంలో గళ్లు నిండాయా లేదా చూడటమే ఈయన గారి కొలత. నిండితే నూటికి నూరు. తనిఖీ బృందం వస్తోందంటే ముందురోజు రాత్రి పాత తేదీల గళ్లు కూడా నిండుతాయి. రెండు మూడు రకాల పెన్నులతో. ఆ మాత్రం కళాపోషణ ఉంటుంది.

ఎస్‌బార్ అని ఒక పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో పుట్టిన మాటతీరు అది, తర్వాత ఆసుపత్రులకు మలుచుకున్నారు. ఇప్పుడేం జరుగుతోంది, వెనకటి కథేమిటి, నాకేమనిపిస్తోంది, ఏం చేయాలి. ఇవీ ఆ నాలుగు ముక్కలు. సముద్రం అడుగున మనుషుల ప్రాణాలు కాచిన ఆ నాలుగు ముక్కల్ని మనవాళ్లు నాలుగు గళ్లు చేసి, ప్రింటు కొట్టించి, నాలుగింటిలోనూ 'స్టేబుల్' అని రాయించారు.

కొలవడం చేతకాకపోతే నేను చెబుతాను, ఫీజు అక్కర్లేదు. డ్యూటీ మారిన పావుగంటకు వార్డులోకి నడవండి. కేస్ షీటు మూయండి. కొత్తగా ఎక్కిన సిస్టర్‌ని అడగండి: ఈమెకు పడని మందేది? చివరి ఇన్సులిన్ ఎప్పుడు, తర్వాత తిన్నదా? పంపులో మందు ఎంత వేగంతో పోతోంది, ఆర్డరులో ఎంత ఉంది? ఏ రిపోర్టు రావాలి, వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? జవాబులకు మార్కులు వేయండి. అలాగే అప్పగింత కౌంటరు వెనక కాదు, మంచం పక్కన నిలబడి జరగాలి. ఆ రోజు అమ్మ పక్కన నిలబడి చెప్పుకుని ఉంటే ఏ ఆడిటరూ అక్కర్లేదు, అమ్మే అరిచేది: "నాకు అన్నం పెట్టలేదే తల్లీ!"

సిస్టర్లను తిడుతున్నానని చప్పట్లు కొడుతున్నవాళ్లు కాస్త ఆగండి. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు. ఆ పూట అమ్మను చూసిన సిస్టర్ చేతిలో ఉన్నది పదకొండు మంది. మనిషికి రెండు నిమిషాలు చెప్పుకున్నా ఇరవై రెండు నిమిషాలు కావాలి. రోస్టరు చూడండి: ఒక డ్యూటీ రెండింటికి అయిపోతుంది, ఇంకోటి రెండింటికే మొదలవుతుంది. ఆ ఇరవై రెండు నిమిషాలు ఏ గడియారంలో ఉన్నాయి? వాటికి జీతం లేదు, ఓవర్‌టైం లేదు. దిగే మనిషికి మాత్రం అందుకోవాల్సిన బస్సుంది, బడి నుంచి తెచ్చుకోవాల్సిన పిల్ల ఉంది. రోస్టరు వేసిన మహానుభావుడే మే 12న నైటింగేల్ ఫోటోకు దండేసి, వీళ్ల చేతిలో తలా ఒక గులాబీ పెట్టి "మీరు దేవతలు" అంటాడు. దేవతలైతే సుఖం. ఓవర్‌టైం అడగరు.

అలాగని సిస్టర్లకు మాఫీ లేదు. ఒక కొత్త పిల్ల నోటుబుక్కు పట్టుకుని రెండు ప్రశ్నలు అడిగితే, "నువ్వేమన్నా ఇన్‌చార్జివా? అన్నీ సేమే" అని హ్యాండుబ్యాగు భుజాన వేసుకుపోయిన సీనియర్ని ఈ కళ్లతో చూశాను. ఆ పిల్ల ఇంకెప్పుడూ అడగదు. వార్డుల్లో అలాగే నోళ్లు మూతపడతాయి.

"మాటలతో రోగాలు తగ్గుతాయా?" అని నవ్వే డాక్టరు గారికి ఒక చదువు చెప్పాలి. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం అచ్చయింది. అమెరికా, కెనడాల్లోని 9 ఆసుపత్రుల్లో పిల్లల వార్డులు, 10,740 అడ్మిషన్లు. అప్పగింతల పద్ధతి మార్చి, నేర్పించి, దగ్గరుండి గమనిస్తే వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయి. నివారించగలిగిన హాని 30 శాతం తగ్గింది. అవి నర్సుల అప్పగింతలు కావు సార్, మీ జాతివే, రెసిడెంట్ డాక్టర్లవి. మీ అప్పగింత సంగతి నాకు తెలుసు. వాట్సాప్‌లో ఒక బొటనవేలు.

మరి మీరు, ఇది చదువుతున్న మీరు? బిల్లులో గ్లౌజుల ధర దగ్గర కౌంటరు అదిరేలా అరుస్తారు. ప్రాణం చేతులు మారే పావుగంటలో క్యాంటీన్లో ఇడ్లీ తింటుంటారు. దమ్ముంటే ఈసారి రెండింటికి మంచం దగ్గర నిలబడండి. బయటికి పొమ్మంటే, ఎందుకు పొమ్మంటున్నారో రాసివ్వమనండి.

నేను ఫిర్యాదు చేశాను. వృథా పోలేదు. నెల తిరక్కుండా హ్యాండోవర్ ఫారంలో కొత్త గడి వచ్చింది: 'ఆహారం తీసుకున్నారా? అవును / కాదు.' అమ్మను చెకప్‌కు తీసుకెళ్లిన రోజు వార్డు దాకా వెళ్లి చూశాను. వరసగా అందరికీ 'అవును' మీద టిక్కు. ఆరో నంబరు మంచం పేషెంటు పొద్దున్నే డిశ్చార్జి అయి వెళ్లిపోయింది. దుప్పటి కూడా తీసేశారు.

దానికీ టిక్కుంది.